బిడ్డకు నాన్న కొత్త కాకూడదు



ఎనిమిది నెలల బిడ్డను చంకన వేసుకుని పక్కింటికి పోతాం. పక్కింటావిడ చేతులు చాపి "రామ్మా" అంటుంది. బిడ్డ ఆమె వంక చూస్తుంది. మన వంక చూస్తుంది. పెదవి విరుస్తుంది. ఒక్కసారిగా ఏడుపు అందుకుని మన మెడ కరుచుకుంటుంది. "కొత్త చేస్తోంది" అని నవ్వుకుంటాం.

కొత్త చెయ్యడం మంచిదే. బిడ్డ బుర్ర ఎదుగుతోందని దానికి గుర్తు. ఎవరు మనవాళ్ళో, ఎవరు కాదో బిడ్డకు తెలియడం మొదలైందన్నమాట. ఏడెనిమిది నెలల వయసులో చాలామంది పిల్లలు ఇలాగే చేస్తారు.

అయితే కొన్ని ఇళ్ళల్లో బిడ్డ నాన్నను చూసి కూడా కొత్త చేస్తుంది. ఆ నాన్న దుబాయి నుంచి నిన్న దిగినవాడు కాదు. రోజూ అదే ఇంట్లో తిని, అదే ఇంట్లో పడుకునే మనిషి. ఆయన ఎత్తుకోగానే బిడ్డ అమ్మ కోసం చేతులు చాచి ఏడుస్తుంది. ఆయన చిన్నబుచ్చుకుంటాడు. "నీ కూతుర్ని నువ్వే ఉంచుకో" అని మన ఒళ్ళో వేసి బయటికి పోతాడు. మర్నాడు అసలు ఎత్తుకోడు. ఎత్తుకోడు కాబట్టి బిడ్డకు ఇంకా కొత్త అవుతాడు.

ఎందుకని ఇలా అవుతుంది? "మగోళ్ళ బుద్ధే అంత" అని మనం ఒక్క మాటలో తేల్చేస్తాం. కానీ ఒక వీధిలో పది ఇళ్ళు చూడండి. ఒక ఇంట్లో నాన్న బిడ్డకు నీళ్ళు పోస్తాడు. పక్క ఇంట్లో నాన్నకు బిడ్డకు ఎన్నో నెల నడుస్తోందో కూడా తెలియదు. ఇద్దరూ మగవాళ్ళే. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే నీళ్ళు. మరి తేడా ఎక్కడొచ్చింది? ఆ సంగతే ఈ పాఠంలో మాట్లాడుకుందాం.

నాకింకా పెళ్ళి కాలేదు. "పిల్లల సంగతి నీకేం తెలుసు టీచరమ్మా" అని మీరు అనచ్చు. నిజమే. కానీ పొద్దునపూట బడి గేటు దగ్గర నిలబడితే చాలా తెలుస్తుంది. చేర్చుకునే కాగితంలో నాన్న పేరు ఉంటుంది. బిడ్డ చెయ్యి పట్టుకుని వచ్చేది అమ్మో, అవ్వో. తల్లిదండ్రుల మీటింగు పెడితే కూడా ఎక్కువగా తల్లులే వస్తారు.

బిడ్డకు చుట్టరికం తెలియదు

బిడ్డకు "ఈయన మా నాన్న, ఈమె మా మేనత్త" అని తెలియదు. బిడ్డకు తెలిసేవి ఇలాంటివి. వాసన, గొంతు, తాకే చెయ్యి.

కడుపులో ఆరో నెల దాటేసరికి బిడ్డకు శబ్దాలు వినపడతాయి. అన్నిటికంటే ఎక్కువ వినపడేది అమ్మ గొంతు. పుట్టిన బిడ్డ అమ్మ పిలవగానే తల తిప్పుతుందంటే అందుకే. నాన్న గొంతు, నాన్న చేతులు బిడ్డ ఎక్కువగా బయటికి వచ్చాకే నేర్చుకోవాలి. రోజూ ఎత్తుకుంటే నేర్చుకుంటుంది. ఎత్తుకోకపోతే నేర్చుకోదు. అమ్మమ్మ అయినా, పక్కింటి పిల్ల అయినా, నాన్న అయినా దీంట్లో తేడా లేదు.

నాన్న సంగతి కూడా ఇంతే. బిడ్డ ఏడిస్తే అది ఆకలి ఏడుపో, నిద్ర ఏడుపో, కడుపునొప్పి ఏడుపో అమ్మ ఇట్టే చెబుతుంది. "కన్నతల్లికి తెలియదా" అంటాం. తొలి కాన్పు తర్వాత మొదటి వారం గుర్తు చేసుకోండి. మీకు మాత్రం తెలిసిందా? బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తుంటే మీరూ ఏడ్చి ఉంటారు. రాత్రింబవళ్ళు ఆ బిడ్డతో ఉన్నారు కాబట్టి నెల తిరిగేసరికి వచ్చేసింది. సైకిలు తొక్కడం వచ్చినట్టు వచ్చింది. నాన్నకు కూడా అట్లాగే రావాలి. తొక్కనిదే ఎవరికీ సైకిలు రాదు.

బిడ్డను చూసుకుంటే మగవాడి ఒంట్లో కూడా మార్పు వస్తుంది. ఇది ఉత్త మాట కాదు. ఫిలిప్పీన్స్ దేశంలో సెబు అనే చోట 600 మందికి పైగా కుర్రవాళ్ళను కొన్నేళ్ళపాటు పరీక్షించారు. పెళ్ళి కాకముందు ఒకసారి, కొన్నేళ్ళ తర్వాత ఒకసారి. 2011లో ఆ ఫలితాలు బయటికి వచ్చాయి. మగవాళ్ళ ఒంట్లో టెస్టోస్టెరాన్ అని ఒక హార్మోను ఉంటుంది. మీసాలు, కండలు, పోటీపడే గుణం, వీటికి దానితో సంబంధం ఉంది. తండ్రులైన వాళ్ళలో అది బాగా తగ్గింది. రోజుకు మూడు గంటలు, అంతకు మించి బిడ్డను చూసుకునే తండ్రుల్లో ఇంకా తక్కువగా ఉంది. అంటే బిడ్డను సాకడానికి మగవాడి ఒళ్ళు కూడా తయారవుతుంది. మగతనం ఎక్కడికీ పోదు లెండి. ఆ పరీక్షలో అది బాగా తగ్గింది పిల్లల్ని కన్నవాళ్ళకే కదా!

అడవిలో ఒక నాన్న

ఆఫ్రికా ఖండం నడిబొడ్డున పెద్ద అడవులున్నాయి. ఆ అడవుల్లో ఆకా అనే జనం ఉంటారు. వేట వాళ్ళ బతుకు. బారీ హ్యూలెట్ అనే అమెరికా పరిశోధకుడు 1980లలో వాళ్ళ మధ్య ఉండి, తండ్రులు పిల్లలతో ఎంతసేపు గడుపుతారో గడియారం పెట్టుకుని లెక్క రాశాడు. రోజులో దాదాపు సగం సేపు బిడ్డ తండ్రి చేతుల్లో గానీ, చేతికందే దూరంలో గానీ ఉంటుందని తేలింది. రాత్రిపూట బిడ్డ ఏడిస్తే తండ్రి లేచి ఎత్తుకుని పాట పాడతాడు. తల్లి దగ్గర లేనప్పుడు తన రొమ్మునే బిడ్డ నోటికి అందించి ఊరుకోబెట్టే తండ్రులు కూడా ఉన్నారట. పాలు రావని అందరికీ తెలుసు. అయినా ఎవరూ నవ్వరు.

వాళ్ళే ఎందుకలా ఉన్నారు? ఆకా వాళ్ళు వలలు పట్టి వేటాడతారు. వల వేటకు మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కలిసి పోతారు. బిడ్డను కూడా తీసుకుపోతారు. అడవిలో మైళ్ళ కొద్దీ నడవాలి. వల మొయ్యాలి, మాంసం మొయ్యాలి, బిడ్డను మొయ్యాలి. ఒకరే మొయ్యలేరు. అందుకని బిడ్డ చేతులు మారుతూ ఉంటుంది.

ఆ ఆకా వాళ్ళ పక్కనే ఎన్‌గాండు అనే రైతులు ఉంటారు. అదే అడవి, అదే గాలి. వాళ్ళల్లో ఆడవాళ్ళ పని వేరు, మగవాళ్ళ పని వేరు. అక్కడ తండ్రులు పసిబిడ్డను ఎత్తుకోవడం అరుదు.

చూశారా! రంగులో, రక్తంలో తేడా కాదు. పని ఎట్లా జరుగుతుంది, పని జరిగే చోట బిడ్డ ఉందా లేదా అన్నది తేడా.

మన దగ్గర కూడా ఇది చూడచ్చు. చీరాలలోనో, మంగళగిరిలోనో, పోచంపల్లిలోనో నేతపని వాళ్ళ ఇంటికి పోండి. మగ్గం ఇంట్లోనే ఉంటుంది. మగ్గం పక్కన దూలానికి ఉయ్యాల. నాన్న నేస్తూ నేస్తూ ఒక చెయ్యి ఆపి ఉయ్యాల ఊపుతాడు. కండెలు చుట్టే భార్య లేచి పోతే బిడ్డ ఆయన ఒడిలోకి వస్తుంది. ఆ బిడ్డకు మగ్గం చప్పుడే జోలపాట. మరి అదే ఊళ్ళో లారీ మీద పోయే డ్రైవరు బిడ్డకు? నాన్న అంటే పదిహేను రోజులకోసారి మిఠాయి పొట్లంతో వచ్చే మనిషి.

మన ఇంట్లో ఎక్కడ ఆగిపోతోంది

మొదటిది కాన్పు ఆచారం. తొలిచూలు ఏడో నెలలో శ్రీమంతం చేసి అమ్మగారింటికి తీసుకొస్తారు. పురిటి స్నానాలు అయ్యాక మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డతో అత్తారింటికి పంపుతారు. ఈ ఆచారం మంచిదే. అత్తారింట్లో అయితే చాకిరీ తప్పదు, కన్నతల్లి దగ్గర నాలుగు రోజులు ఒళ్ళు నిమ్మళంగా ఉంటుంది. ఈ ఆచారం పోవాలని నేను అనను. కానీ ఒకటి గమనించండి. బిడ్డ పుట్టి, మొదటిసారి నవ్వి, మెడ నిలిపి, ఊఁ కొట్టడం మొదలుపెట్టే కాలమంతా నాన్న అక్కడ లేడు. వచ్చినా చుట్టపుచూపుగా వస్తాడు. అల్లుడికి కుర్చీ వేస్తారు, కాఫీ ఇస్తారు. అల్లుడి చేత బిడ్డ గుడ్డలు మార్పించే అత్తగారు ఎక్కడైనా ఉందా? ఐదో నెలలో బిడ్డ ఇంటికొచ్చేసరికి అమ్మకు పనంతా చేతికొచ్చి ఉంటుంది. ఆయనకు ఓనమాలు రావు. ఇక "నీకు రాదు, నేనే చేస్తా" అన్నమాట అక్కడే మొదలు.

రెండోది సిగ్గు. మా తాతల కాలంలో పెద్దవాళ్ళ ముందు సొంత బిడ్డను ఎత్తుకోవడం మర్యాద కాదనేవాళ్ళు. అన్న బిడ్డను ఎత్తుకోవచ్చు, సొంత బిడ్డను ముద్దు చెయ్యకూడదు. మా ఊళ్ళో ఒక ముసలాయన చెప్పాడు. "మా నాయన బతికున్నంత కాలం నా కొడుకును నేను పగలు ఎత్తుకోలేదమ్మా. రాత్రి నిద్రపోయాక మొహం చూసేవాణ్ణి." ఆ మాట చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. ఇప్పుడు అంత లేదు. అయినా రచ్చబండ దగ్గర బిడ్డను ఎత్తుకుని నిలబడితే "ఏరా, ఆయా ఉద్యోగంలో చేరావా" అనేవాళ్ళు ఉన్నారు. ఆ ఒక్క మాటకు వెనక్కి తగ్గిన తండ్రులు ఎందరో. మగవాడు తన తండ్రి ఎట్లా ఉంటే అట్లా ఉంటాడు. తండ్రి ఎత్తుకుని తిప్పగా పెరిగినవాడికి తన బిడ్డను ఎత్తుకోవడం సిగ్గు అనిపించదు.

మూడోది చెబితే మీకు కోపం రావచ్చు. మనం కూడా అడ్డం పడుతున్నాం. ఆయన బిడ్డను ఎత్తుకుంటాడు. "తల కింద చెయ్యి పెట్టు. అట్లా కాదు. పడేస్తావ్. ఇటివ్వు, నీకు చేతకాదు" అని లాక్కుంటాం. గుడ్డ వంకరగా కట్టాడని నవ్వుతాం. పక్కనుంచి అత్తమ్మ అందుకుంటుంది, "మగోడివి, నీకెందుకురా ఈ పనులు" అని. నాలుగుసార్లు ఇట్లా అయితే ఏ మనిషి మళ్ళీ వస్తాడు? గుడ్డ వంకరగా కడితే ఏమైంది, బిడ్డకేం కాదు. పదిసార్లు కడితే పదకొండోసారి తిన్నగా వస్తుంది. బిడ్డ తప్ప మనకు ఇంట్లో వేరే పెత్తనం ఏముంది, దాన్ని కూడా ఎందుకు వదులుకోవాలి అనే బాధ కొందరికి లోపల ఉంటుంది. ఆ బాధ నాకు తెలుసు. కానీ ఆ పెత్తనం కోసం మనం రాత్రిళ్ళు ఒంటరిగా మేలుకుంటున్నాం.

కూలి, వలస, సెలవు

ఇప్పుడు పెద్ద సంగతి. డబ్బు, పని.

బేల్దారి పనికి పోయే మనిషి తెల్లవారుజామున బండి ఎక్కుతాడు. తిరిగొచ్చేసరికి రాత్రి ఎనిమిది. బిడ్డ నిద్రపోయి ఉంటుంది. ఆయన బిడ్డను లేచి ఉండగా చూసేది వానొచ్చి పని ఆగిన రోజే. "నేను ఎవరి కోసం కష్టపడుతున్నా" అంటాడు. అది అబద్ధం కాదు. సంపాదించి పెట్టడం కూడా ప్రేమే. కానీ మనం కూడా కలుపుకో, వరినాట్లకో పోయి వస్తున్నాం కదా. వచ్చి మళ్ళీ పొయ్యి ముట్టించి బిడ్డకు పాలిస్తున్నాం కదా. ఈ లెక్క ఎవరైనా రాశారా?

రాశారు. దేశంలో జనం రోజంతా ఏ పనికి ఎంతసేపు పెడుతున్నారో కేంద్ర ప్రభుత్వం 2024లో సర్వే చేసింది. 15 నుంచి 59 ఏళ్ళ వయసు ఆడవాళ్ళలో నూటికి 41 మంది ఇంట్లో పిల్లల్నో పెద్దల్నో చూసుకునే పని చేస్తున్నారు. మగవాళ్ళలో నూటికి 21 మంది. ఆ పని చేసేవాళ్ళలో కూడా ఆడవాళ్ళు రోజుకు 140 నిమిషాలు, అంటే 2 గంటల 20 నిమిషాలు పెడుతున్నారు. మగవాళ్ళు 74 నిమిషాలు, అంటే గంటా పావు కంటే ఒక్క నిమిషం తక్కువ. వంట, అంట్లు, బట్టలు ఈ లెక్కలో లేవు. అది వేరే.

వలస పోయే ఇళ్ళ సంగతి ఇంకో రకం. పాలమూరు నుంచి మట్టిపనికి దేశమంతా పోయారు. కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్‌కు పోయారు. శ్రీకాకుళం మత్స్యకారులు వేటకు గుజరాత్‌లోని వెరావల్ దాకా పోతారు. పెళ్ళానికి మూడో నెల అని తెలిసి విమానం ఎక్కి, బిడ్డకు రెండేళ్ళు నిండాక దిగినవాళ్ళు ఉన్నారు. కడప, గోదావరి జిల్లాల నుంచి ఆడవాళ్ళే ఇంటిపనికి కువైట్ పోతారు. అప్పుడు బిడ్డలు అమ్మమ్మ దగ్గరో, నాన్న దగ్గరో ఉంటారు. ఆ ఇళ్ళల్లో నాన్నే జడ వేస్తాడు, నాన్నే అన్నం వండి తినిపిస్తాడు. తప్పనిసరి అయితే మగవాళ్ళకు అన్నీ వస్తాయి.

మరి సెలవు? మనలో ఉద్యోగం చేసే ఆడవాళ్ళ కాన్పు సెలవు కోసం 1961లో చట్టం వచ్చింది. 2017లో దాన్ని మార్చి, మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాలు జీతంతో సెలవు అన్నారు. ఆ మార్పులో తండ్రి సెలవు మాటే రాలేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులైన మగవాళ్ళకు 15 రోజులు ఉంది, ఇద్దరు బిడ్డల వరకు. కూలి మనిషికి ఈ కాగితాలతో పని లేదు. ఒక రోజు పోకపోతే ఒక రోజు కూలి పోతుంది, అంతే. పోలాలమ్మకు మొక్కుకుంటే సెలవు రాదు కదా.

స్వీడన్ అని ఒక దేశం ఉంది. అక్కడ 1974లో ఒక పని చేశారు. బిడ్డ పుడితే ఇచ్చే సెలవును అమ్మానాన్నల్లో ఎవరైనా తీసుకోవచ్చు అన్నారు. తండ్రులు ఎగబడి తీసుకున్నారా? లేదు. మొదట్లో నూటికి ఒక రోజు కూడా తండ్రులు వాడుకోలేదు. సెలవు అమ్మదే అని అందరూ అనుకున్నారు. 1995లో రూలు మార్చారు. ఒక నెల ఒక్క నాన్నకే, ఆయన తీసుకోకపోతే ఆ నెల పోతుంది, అమ్మకు కూడా ఇవ్వరు అన్నారు. అప్పుడు కదిలారు. 2002లో దాన్ని రెండు నెలలు చేశారు, 2016లో మూడు నెలలు. ఇప్పుడు ఆ దేశంలో తండ్రులు బిడ్డను బండిలో కూర్చోబెట్టి పట్టపగలు వీధుల్లో తిప్పడం మామూలు. అక్కడి మగవాళ్ళు పుట్టుకతో మంచివాళ్ళని కాదు. డబ్బు, సెలవు, పదిమంది చేస్తున్నారన్న ధైర్యం, మూడూ కలిశాయి.

తాగి వచ్చే నాన్న

ఈ మాట చెప్పకుండా పాఠం ముగిస్తే మీరు నన్ను క్షమించరు.

తాగుడు ఇంట్లోకి వస్తే నాన్న ఇంట్లో ఉన్నా లేనట్టే. కూలి డబ్బులు సారా కొట్టులో పోతాయి. బిడ్డ పాలగ్లాసు ఖాళీ అవుతుంది. అడుగుల చప్పుడు వినగానే బిడ్డ మంచం కిందికి దూరుతుంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో మనలాంటి ఆడవాళ్ళే రాత్రి బడుల్లో "సీతమ్మ కథ" అనే పాఠం చదివారు. ఆ పాఠం సారాను ఆపిన ఊరి గురించి. 1992లో దూబగుంట ఆడవాళ్ళు తమ ఊళ్ళో సారాను ఆపేశారు. అది జిల్లా అంతా, రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారాను నిషేధించారు. 1995 జనవరిలో మొత్తం మద్యాన్నే నిషేధించారు. 1997లో ఆ నిషేధం సడలించారు. ఆ తర్వాత కథ మీకు తెలిసిందే, సాయంత్రంపూట బస్టాండు పక్కన చూస్తే చాలు.

తాగి ఉన్నప్పుడు ఆయన ముద్దుకొద్దీ అడిగినా బిడ్డను చేతికివ్వకండి. పక్కలో పడుకోబెట్టనివ్వకండి. తాగిన మనిషి పక్కకు ఒత్తిగిలితే చంటిబిడ్డ ఊపిరాడక పోవచ్చు. ఇంకొకటి, ఇది తాగనివాళ్ళు కూడా తెలుసుకోవాలి. ఏడుపు ఆపడం లేదని కోపంతో పసిబిడ్డను పట్టుకుని ఊపకూడదు. చంటిబిడ్డ తల బరువు, మెడ బలహీనం. గట్టిగా ఊపితే మెదడులో రక్తం కారుతుంది. ప్రాణం పోతుంది, లేదంటే చూపు పోతుంది. కోపం వస్తే బిడ్డను చాప మీద పడుకోబెట్టి బయటికి పొమ్మనండి. మనకు కోపం వచ్చినా అంతే.

కొట్టే మనిషి ఉన్న ఇంట్లో బిడ్డను దగ్గర చెయ్యడం కంటే ముందు బిడ్డా మీరూ క్షేమంగా ఉండాలి. ఆడవాళ్ళ సాయానికి 181, పిల్లల సాయానికి 1098. ఈ రెండు నంబర్లు తలుపు వెనక సుద్దతో రాసి పెట్టుకోండి.

ఆడపిల్ల పుడితే మొహం చాటేసే తండ్రులు ఇంకా ఉన్నారు. నెల దాకా చూడ్డానికే రారు. దానికి తల్లిని తిడతారు. అమ్మ నుంచి ఎప్పుడూ ఎక్స్ అనే బీజమే వస్తుంది. నాన్న నుంచి ఎక్స్ రావచ్చు, వై రావచ్చు. ఎక్స్ వస్తే ఆడపిల్ల, వై వస్తే మగపిల్లాడు. అంటే ఆడపిల్ల కావడానికి కారణం నాన్న బీజమే. దాంట్లో ఆయన తప్పు కూడా లేదు. ఈ సంగతి మీ అత్తమ్మకు చదివి వినిపించండి.

ఆయన చేతికి ఏ పని ఇవ్వాలి

"బిడ్డను కాస్త చూడు" అంటే ఏ మగవాడికీ అర్థం కాదు. నిలబడి చూస్తాడు, నిజంగానే చూస్తాడు! ఒక పని పేరు పెట్టి ఇవ్వాలి. ఆ పని ఇక ఆయనదే కావాలి.

పాలివ్వడం ఒక్కటే ఆయన చెయ్యలేనిది. ఆరు నెలల దాకా బిడ్డకు తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా అక్కర్లేదు. కానీ పాలు తాగాక బిడ్డను భుజాన వేసుకుని, వీపు నిమిరి, తేన్పు తెప్పించాలి కదా. అది నాన్న పని. రాత్రిపూట మీరు పాలిచ్చి పడుకోండి, తేన్పు ఆయన తెప్పిస్తాడు. నెల రోజులు అట్లా చేస్తే ఆ భుజం వాసన బిడ్డకు తెలిసిపోతుంది. కాళ్ళు చాపి బిడ్డను పడుకోబెట్టుకుని నీళ్ళు పొయ్యడం కూడా ఆయనకు వస్తుంది. ఆయన కాళ్ళు మన కాళ్ళ కంటే పొడుగు, ఇంకా వీలు.

బిడ్డతో మాట్లాడమనండి. "దానికేం అర్థమవుతుంది" అంటాడు. రెండేళ్ళు నిండేసరికి బిడ్డ మెదడు పెద్దవాళ్ళ మెదడులో ఐదింట నాలుగు వంతుల సైజుకు ఎదుగుతుంది. ఆ ఎదిగే కాలంలో విన్న మాటలే తర్వాత నోటికి వస్తాయి. ఆవును చూపించి ఆవు అనడం, చందమామను చూపించి బువ్వ పెట్టడం ఉత్త ఆట కాదు. పొలం గట్టు మీద బిడ్డను ఎత్తుకుని ఇది జొన్న, ఇది కంది అని చెప్పినా చాలు.

బిడ్డ తక్కువ బరువుతో పుడితే, అంటే రెండున్నర కిలోల లోపు ఉంటే, నాన్న ఇంకా పెద్ద సాయం చెయ్యగలడు. కంగారూ పద్ధతి అని ఒకటుంది. దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశంలో, బొగోటా ఆసుపత్రిలో 1970ల చివర్లో మొదలైంది. అక్కడ బిడ్డల్ని వెచ్చగా ఉంచే పెట్టెలు చాలక, డాక్టర్లు బిడ్డను తల్లి రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్ళు తగిలేలా కట్టించారు. బిడ్డలు బాగా కోలుకున్నారు. ఇప్పుడు మన సర్కారు ఆసుపత్రుల్లో కూడా ఇది చేయిస్తున్నారు. నాన్న కూడా చెయ్యచ్చు. చొక్కా విప్పి, బిడ్డను రొమ్ము మీద బోర్లా ఆనించి, తల పక్కకు తిప్పి, పైన దుప్పటి కప్పుకుంటే సరి. నాన్న ఒంటి వేడి కూడా వేడే. ఆపరేషన్ కాన్పు అయి మీరు లేవలేనప్పుడు నర్సమ్మను అడగండి, ఆయనకు ఎట్లా పట్టుకోవాలో చూపిస్తుంది.

దూరదేశంలో ఉన్నవాళ్ళు రోజూ ఒకే వేళకు వీడియోలో మాట్లాడితే బిడ్డకు మొహం, గొంతు గుర్తుంటాయి. చెయ్యి మాత్రం గుర్తుండదు. అందుకని ఆయన ఊరొచ్చిన రోజు బిడ్డను గబుక్కున లాక్కుని ముద్దులాడద్దని ముందే చెప్పండి. గడపలో కూర్చోమనండి. ఒక బొమ్మో, బిస్కెట్టో చేతిలో పెట్టుకుని మాట్లాడుతూ ఉంటే బిడ్డే మెల్లగా మీ చెంగు వదిలి వస్తుంది. ఒక రోజు పట్టచ్చు, నాలుగు రోజులు పట్టచ్చు. ఏడ్చిందని ఆయన నొచ్చుకోకూడదు.

ఇక టీకాలు. పుట్టగానే బి.సి.జి., పోలియో చుక్కలు, కామెర్ల టీకా. తర్వాత 6 వారాలకు, 10 వారాలకు, 14 వారాలకు. 9 నెలలు నిండాక తట్టు టీకా. 16 నెలల నుంచి 24 నెలల లోపు మళ్ళీ. ఇన్నిసార్లు మనమే కూలి మానుకుని పోతున్నాం. ఈసారి కార్డు ఆయన చేతికిచ్చి, బిడ్డనూ ఆయన చేతికిచ్చి సబ్‌సెంటరుకు పంపండి. సూది వేసేటప్పుడు బిడ్డ ఎవరి చొక్కా పట్టుకుని ఏడుస్తుందో ఆయనే చూడాలి. కార్డు మీద తారీకు చదివి ఎప్పుడు పోవాలో చెప్పే పని మాత్రం మీరే ఉంచుకోండి. ఇప్పుడు మీకు చదవడం వచ్చు కదా.